స్కిజోఫ్రేనియాలో మెదడు అనుసంధానం: తేడా నిజమే, కానీ ఒక్కరి స్కాన్‌లో దాన్ని చదవగలమా?

ఇరవై మూడేళ్ళ మీ తమ్ముడికి స్కిజోఫ్రేనియా (లేని గొంతులు వినిపించడం, లేనిపోని అనుమానాలు వంటి లక్షణాలుండే మానసిక జబ్బు) అని వైద్యులు తేల్చి రిస్పెరిడోన్ అనే మందు మొదలుపెట్టారని, తల ఎంఆర్ఐ తీయిస్తే అంతా మామూలుగానే ఉందని రిపోర్టు వచ్చిందని రాశారు. ఈ జబ్బులో మెదడు భాగాల మధ్య అనుసంధానం వేరుగా ఉంటుందని మీరు చదివారు; అమీర్‌పేటలోని ఒక స్కాన్ సెంటరువారు ఆ అనుసంధానాన్నే చూపించే ప్రత్యేకమైన స్కాన్ తీస్తామన్నారు. అది తీయించాలా, ఆ తేడా జీవితాంతం ఉండేదేనా, మాత్రలతో సరవుతుందా, తోడబుట్టినదానిగా మీకూ ప్రమాదం ఉందా అని మీరూ, పెంపకంలో ఏదైనా లోపం జరిగిందా అని మీ అమ్మగారూ అడుగుతున్నారు.

నేను హైదరాబాదులో చాలా ఏళ్ళుగా మానసిక వైద్యుణ్ణి; మెదడు చిత్రాల మీద జరిగే పరిశోధనలోనూ కొంతకాలం పనిచేశాను. స్కాన్ గురించి ముందే చెబుతాను: తీయించకండి. అనుసంధానంలో తేడా ఉందన్న మాట నిజమే. అయితే అది వందలమంది రోగుల సగటును వందలమంది ఆరోగ్యవంతుల సగటుతో పోల్చినప్పుడు బయటపడే తేడా. ఒక్క మనిషి స్కాన్‌ను ముందు పెట్టుకుని ఇతనికి ఈ జబ్బు ఉంది, లేదు, తగ్గుతోంది, ముదురుతోంది అని చెప్పే పద్ధతి ఈనాటికి ఏ దేశపు వైద్యంలోనూ వాడుకలో లేదు.

మామూలు ఎంఆర్ఐ "నార్మల్" అని రావడం మీ తమ్ముడి జబ్బును కాదనడం కాదు. ఆ స్కాన్ మెదడు ఆకారాన్ని చూపిస్తుంది; గడ్డ, రక్తస్రావం, వాపు, రక్తం అందక చచ్చిపోయిన భాగం వంటివి ఉంటే పట్టిస్తుంది. తొలిసారి ఇలాంటి లక్షణాలతో వచ్చినవారికి వైద్యులు దాన్ని రాసేది స్కిజోఫ్రేనియాను చూడడానికి కాదు, స్కిజోఫ్రేనియాలా కనిపించే ఇతర జబ్బులేవీ లేవని నిర్ధారించుకోవడానికి. అలాంటి జబ్బుల్లో ఒకదాని గురించి ప్రతి కుటుంబానికీ తెలిసి ఉండాలని నా కోరిక. శరీరంలోని రోగనిరోధక వ్యవస్థే మెదడులోని ఎన్‌ఎండీఏ గ్రాహకాల (నాడీకణాల మీద సంకేతాలను అందుకునే అణువుల) మీద దాడి చేసే ఒక రకం మెదడు వాపును 2007లో జోసెఫ్ డాల్మౌ బృందం వర్ణించింది. అది మొదట్లో అచ్చం మానసిక రోగంలాగే కనిపిస్తుంది, ఎంఆర్ఐ కూడా చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. లక్షణాలు కొద్ది రోజుల్లోనే ఉధృతమైనా, మూర్ఛలు వచ్చినా, జ్వరం ఉన్నా, మూతి, చేతులు వాటంతటవే వింతగా కదులుతున్నా, స్పృహ తగ్గుతున్నా ఆలస్యం చేయకుండా నాడీ వైద్యులకు చూపించాలి. మీరు రాసిన వివరాల ప్రకారం మీ తమ్ముడిలో మార్పు నెలల తరబడి నెమ్మదిగా వచ్చింది, పై లక్షణాలేవీ లేవు. అందువల్ల మీ వైద్యులు తీసుకున్న నిర్ణయం నాకు సబబుగానే కనిపిస్తోంది.

ఇక అనుసంధానం విషయానికి వద్దాం. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. ఒక్కొక్క కణం నుంచి ఒక పొడవాటి తంతువు బయలుదేరి వేరే కణాలను చేరుకుంటుంది; అలాంటి తంతువుల మీద మయలిన్ అనే కొవ్వు పొర ఉంటే సంకేతం వేగంగా వెళ్తుంది. ఆ తంతువులు కట్టలు కట్టలుగా సాగే ప్రాంతాన్నే తెల్ల పదార్థం అంటారు. కుడి ఎడమ అర్ధభాగాలను కలిపే కార్పస్ కల్లోజమ్ అనే ఒక్క కట్టలోనే దాదాపు 20 కోట్ల తంతువులు ఉంటాయి. డిఫ్యూజన్ ఎంఆర్ఐ అనే పద్ధతి ఈ కట్టల్లోని నీటి అణువుల కదలికను కొలుస్తుంది. తంతువులు ఒకే దిశలో వరుసగా, చక్కని మయలిన్‌తో ఉన్నచోట నీరు ఆ దిశలోనే ఎక్కువగా కదులుతుంది కనుక, ఆ దిశాబద్ధతను 0కి 1కి మధ్య ఒక సంఖ్యగా లెక్కగడతారు.

ఈ కొలతతో జరిగిన అధ్యయనాలన్నింటిలోకీ పెద్దది 2018లో వెలువడిన ఎనిగ్మా అంతర్జాతీయ బృందానిది. ఆసియాతో సహా పలు ఖండాల్లోని 29 కేంద్రాల నుంచి 1,963 మంది స్కిజోఫ్రేనియా రోగుల స్కాన్‌లను, 2,359 మంది ఆరోగ్యవంతుల స్కాన్‌లను తెప్పించి ఒకే పద్ధతిలో లెక్కగట్టారు. పరిశీలించిన 25 ప్రాంతాల్లో 20 ప్రాంతాల్లో రోగుల సగటు సంఖ్య తక్కువగా వచ్చింది. అంటే ఈ తేడా మెదడులో ఏ ఒక్క మూలకో పరిమితమైనది కాదు, కొద్ది మోతాదులో చాలా చోట్ల పరచుకున్నది. నా దృష్టిలో ఈ అధ్యయనం నేర్పిన ముఖ్యమైన విషయం ఇదే. "మెదడులో ఎక్కడ పాడైంది డాక్టరుగారూ?" అని కుటుంబాలు అడిగినప్పుడు వేలు పెట్టి చూపించడానికి చోటు లేకపోవడానికి కారణం కూడా ఇదే.

ఆ తేడా పరిమాణం ఎంతో చూడండి. గణాంకాల భాషలో మెదడు మొత్తానికి వచ్చిన తేడా 0.42. ఈ సంఖ్యను మామూలు మాటల్లోకి మార్చితే, రోగుల్లోంచి ఒకరినీ ఆరోగ్యవంతుల్లోంచి ఒకరినీ గుడ్డిగా ఎంచి వారి కొలతలను పోల్చినప్పుడు, అలాంటి 100 జతల్లో సుమారు 62 జతల్లో మాత్రమే ఆరోగ్యవంతుడి కొలత ఎక్కువగా ఉంటుంది. మిగిలిన 38 జతల్లో రోగి కొలతే ఎక్కువ. ఏ తేడా లేకపోయినా 50 జతలు ఎలాగూ వచ్చేవి. రెండు గుంపుల కొలతలు ఐదింట నాలుగు వంతులకు పైగా ఒకదానిమీద ఒకటి పడుతున్నప్పుడు మీ తమ్ముడి ఒక్క సంఖ్య చేతిలో పట్టుకుని ఏ వైద్యుడైనా ఏం చెప్పగలడు? ఆ స్కాన్ సెంటరువారు ఇచ్చే రంగురంగుల చిత్రం చూడడానికి ఎంత అందంగా ఉన్నా, అందులోంచి మీ ప్రశ్నకు సమాధానం రాదు. అదే చిత్రం మెదడులో గడ్డ ఉన్న రోగికి ఎంతో అక్కరకొస్తుందన్నది నిజం. గడ్డ ఒత్తిడికి తంతువుల కట్ట ఎటు పక్కకు జరిగిందో శస్త్రచికిత్సకు ముందే కంటికి కనిపిస్తుంది. స్కిజోఫ్రేనియాలో అలా కంటికి కనిపించే మార్పు ఉండదు.

ఇంతవరకు చెప్పింది నిర్మాణం సంగతి. మీరు చదివిన వ్యాసం బహుశా రెండో రకం అనుసంధానం గురించినది. అది క్రియాపరమైనది, ఎక్కువగా అపార్థమయ్యేదీ అదే. మెదడులో ఒక భాగం పనిచేసినప్పుడు అక్కడికి ప్రాణవాయువుతో కూడిన రక్తం ఎక్కువగా వస్తుంది. ఆ మార్పును ఎంఆర్ఐతో పసిగట్టవచ్చని 1990లో జపాన్ శాస్త్రవేత్త సెయిజీ ఒగావా చూపించారు. 1995లో భరత్ బిస్వాల్ మరో అడుగు వేశారు. ఏ పనీ చేయకుండా ఊరికే పడుకున్న మనిషిలో కూడా, ఎడమ చేతిని కదిలించే భాగంలోనూ కుడి చేతిని కదిలించే భాగంలోనూ సంకేతం ఒకే లయలో, పది సెకన్లకో అంతకన్నా ఎక్కువ సమయానికో ఒకసారి, మెల్లగా పెరిగి తరుగుతోందని ఆయన గమనించారు. ఇలా కలిసి పెరిగి కలిసి తరిగే భాగాలను క్రియాపరంగా అనుసంధానమైనవి అంటారు. మన కాలనీలో రెండిళ్ళ బల్బులు ఒకేసారి మసకబారి ఒకేసారి వెలుగుతుంటే, తీగను చూడకపోయినా, ఆ రెండిళ్ళకూ ఏదో ఒక లైనుతో సంబంధముందని ఊహిస్తాం కదా, ఇదీ అలాంటి ఊహే. ఆ రెండిళ్ళ మధ్య నేరుగా తీగ ఉండవచ్చు, లేదా రెండింటికీ మూడో చోటి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కరెంటు వస్తూ ఉండవచ్చు. మసకబారడం ఒక్కటే చూసి ఆ సంగతి తేల్చలేం. కాబట్టి "అనుసంధానం తగ్గింది" అని చదివిన వెంటనే మెదడులో ఏదో తెగిపోయిందని భయపడనక్కర్లేదు.

ఈ పద్ధతిలో జరిగిన ఎన్నో పరిశోధనల్లో కొన్ని ఫలితాలు మాత్రమే పదే పదే నిలబడ్డాయి. వాటిలో నాకు ఎక్కువ నమ్మకం కలిగించేది థలామస్ గురించినది. ఇంద్రియాల నుంచి వచ్చే సమాచారంలో అధికభాగం మెదడు నడిబొడ్డునున్న ఈ భాగం ద్వారానే పై పొరలకు చేరుతుంది. స్కిజోఫ్రేనియా ఉన్నవారిలో సగటున థలామస్‌కూ, ఆలోచనను, ప్రణాళికను నడిపే ముందరి భాగాలకూ మధ్య అనుసంధానం తక్కువగానూ, అదే థలామస్‌కూ వినికిడి, స్పర్శ, కదలికలకు సంబంధించిన భాగాలకూ మధ్య ఎక్కువగానూ కనిపిస్తుంది. 2012లో నీల్ వుడ్‌వర్డ్ బృందం, తర్వాత అలన్ ఆంటిసెవిక్ బృందం, మరికొన్ని చోట్ల వేరేవారు ఇదే చూశారు. జబ్బు ఇంకా పూర్తిగా బయటపడని, కానీ ప్రమాదమున్న యువతీయువకుల్లో కూడా ఈ ధోరణి కొంత ఉందని, తర్వాతి కాలంలో జబ్బు పడినవారిలో అది ఎక్కువగా ఉండిందని 2015లో తెలిసింది. అంటే ఇది కేవలం మందుల వల్లనో, ఏళ్ళ తరబడి జబ్బుతో ఉండడం వల్లనో వచ్చినది కాదు. ఒకచోట తగ్గడం, మరొకచోట పెరగడం రెండూ ఉన్నాయని గమనించండి. "మెదడులో కనెక్షన్లు పోతాయి" అని ఒక్క ముక్కలో చెప్పేవారు ఈ విషయాన్ని వదిలేస్తారు.

మీ తమ్ముడికి ఎవరో తన పనులన్నింటినీ పైకి చెబుతూ ఉన్నట్టు మాటలు వినిపిస్తున్నాయని రాశారు. దీనికీ అనుసంధానానికీ ఉన్న సంబంధం కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది అర్థమైతే ఇంట్లో అతనితో మాట్లాడే తీరే మారుతుంది. మనం మాట్లాడబోయే ముందు మాటను తయారుచేసే భాగం వినికిడి భాగానికి ముందుగానే ఒక నకలు పంపుతుంది. అది అందుకున్న వినికిడి భాగం మన సొంత గొంతుకు తక్కువగా స్పందిస్తుంది; అందుకే మన మాట మనకు బయటి శబ్దంలా తోచదు. జుడిత్ ఫోర్డ్, డేనియల్ మథలాన్ తలకు అమర్చిన తీగలతో మెదడు తరంగాలను నమోదు చేసి చూస్తే, ఆరోగ్యవంతుల్లో కనిపించే ఈ తగ్గుదల స్కిజోఫ్రేనియా ఉన్నవారిలో అంతగా కనిపించలేదు. లండన్‌లో సారా జేన్ బ్లేక్‌మోర్, క్రిస్ ఫ్రిత్ తదితరులు 2000లో మరో వైపు నుంచి ఇదే పరీక్షించారు. తన చేత్తో తన అరచేతిని తాకించుకున్నప్పుడు ఎవరికైనా స్పర్శ మందంగా తోస్తుంది, అందుకే మనకు మనం చక్కిలిగింతలు పెట్టుకోలేం. కానీ మాటలు వినిపించే రోగులకు తమ స్పర్శకూ ఇతరుల స్పర్శకూ ఆ తేడా తెలియలేదు. సొంత ఆలోచన మీద "ఇది నాది" అన్న గుర్తు సరిగ్గా పడకపోతే అది పరాయి గొంతుగా వినిపించే అవకాశముందన్నది ఈ వివరణ. అన్ని రకాల గొంతులనూ ఇది వివరించలేదు, అయినా ఇప్పుడున్న వివరణల్లో ప్రయోగాల బలమున్నది ఇదే అని నా అభిప్రాయం. అతనికి వినిపించేది అతని వరకు నిజంగా వినిపిస్తోంది. "అక్కడ ఎవరూ లేరు, ఊరికే ఊహించుకుంటున్నావు" అని వాదించడం కన్నా, "నీకు వినిపిస్తోందని నమ్ముతున్నాను, నాకు మాత్రం వినిపించడం లేదు, నీకు భయంగా ఉందా?" అని అడగడం ఎంతో మేలు చేస్తుంది.

క్రియాపరమైన స్కాన్‌ను ఒక్క మనిషి విషయంలో నమ్మకూడదని చెప్పడానికి ఇంకో బలమైన కారణం ఉంది. స్కాన్ జరుగుతున్నప్పుడు తల కొద్దిగా, మిల్లీమీటరులో కొంత వంతు కదిలినా దూరపు భాగాల మధ్య అనుసంధానం తగ్గినట్టూ దగ్గరి భాగాల మధ్య పెరిగినట్టూ తప్పుడు లెక్క వస్తుందని 2012లో మూడు పరిశోధక బృందాలు వేర్వేరుగా చూపించాయి. ఆ హోరులో, ఆ ఇరుకు గొట్టంలో భయపడుతూ పడుకున్న రోగి ఆరోగ్యవంతుడికన్నా ఎక్కువగా కదలడం సహజం. దీనికి పొగతాగే అలవాటు, నిద్రలేమి, కళ్ళు మూసుకున్నప్పుడు పట్టే కునుకు, వేసుకుంటున్న మందు కూడా తోడవుతాయి. పరిశోధకులు వందలమందిని తీసుకుని, కదలికను లెక్కలోంచి తీసివేయడానికి నానా అవస్థలు పడతారు. ఒక సెంటరులో పది నిమిషాలు తీసిన ఒక్క స్కాన్‌కు ఆ రక్షణ ఏదీ ఉండదు.

ఈ తేడా ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు పూర్తి జవాబు ఎవరి దగ్గరా లేదు, కానీ కొన్ని ఆధారాలు గట్టివే. కార్ల్ ఫ్రిస్టన్, క్రిస్ ఫ్రిత్ 1995లో ఈ జబ్బును భాగాల జబ్బుగా కాక భాగాల మధ్య సమన్వయపు జబ్బుగా చూడాలని ప్రతిపాదించారు. ఎన్‌ఎండీఏ గ్రాహకాలను అడ్డుకునే కెటమిన్ మందును తక్కువ మోతాదులో ఆరోగ్యవంతులకు ఇస్తే కాసేపు ఇలాంటి లక్షణాలే వస్తాయని 1994లో జాన్ క్రిస్టల్ బృందం చూపించడంతో, నాడీకణాలు కలుసుకునే చోట, అంటే సినాప్స్‌ల దగ్గర, సంకేతాలను మోసే గ్లుటమేట్ అనే రసాయనం పనితీరు మీద దృష్టి పడింది. యౌవనంలో మెదడు తనకు అక్కర్లేని సినాప్స్‌లను తొలగించుకుంటుంది. ఆ తొలగింపు మితిమీరడం ఈ జబ్బుకు ఒక కారణం కావచ్చని 1982లోనే ఇర్విన్ ఫైన్‌బర్గ్ రాశారు. 2016లో హార్వర్డ్, బ్రాడ్ సంస్థల పరిశోధకులు ఆ తొలగింపులో పాలుపంచుకునే సీ4 అనే జన్యువు రూపాలకూ స్కిజోఫ్రేనియా ప్రమాదానికీ సంబంధాన్ని చూపించారు. అదొక్కటే జన్యువు కాదు. 2022 నాటి పెద్ద అధ్యయనంలో జబ్బుతో సంబంధమున్న చోట్లు జన్యుపటంలో 287 తేలాయి, ఒక్కొక్కదాని ప్రభావం చాలా చిన్నది.

మీ అమ్మగారికి దయచేసి ఈ మాట చదివి వినిపించండి. తల్లి పెంపకమే ఈ జబ్బుకు కారణమన్న వాదన 1940లలో పాశ్చాత్య దేశాల్లో పుట్టి చాలా కుటుంబాలను క్షోభపెట్టింది. దానికి ఆధారం దొరకలేదు, వైద్యం దాన్ని ఎప్పుడో వదిలేసింది. ఆవిడ చేసినదేదీ ఈ జబ్బును తేలేదు. జబ్బు వచ్చాక మాత్రం ఇంటి వాతావరణం లెక్కలోకి వస్తుంది. నిత్యం విమర్శలు, కోపతాపాలు ఉన్న ఇళ్ళకు తిరిగి వెళ్ళిన రోగుల్లో జబ్బు తిరగబెట్టడం ఎక్కువని జార్జ్ బ్రౌన్ లండన్‌లో మొదలుపెట్టిన పరిశోధనలు, ఆ తర్వాత మన దేశంతో సహా ఎన్నో చోట్ల జరిగినవి చూపించాయి. ఉదయం లేవలేకపోవడం, స్నానం మానేయడం, ఉద్యోగం గురించి పట్టనట్టు ఉండడం సోమరితనం కాదు, జబ్బు లక్షణాలే. వాటికి తిట్టడం మానేస్తే అతనికి నిజంగా సాయం చేసినవారవుతారు.

ఆ తేడా జీవితాంతం ఉండేదేనా అని అడిగారు. నిర్మాణంలోని తేడాను మందు నేరుగా సరిచేస్తుందని చెప్పడానికి తగిన ఆధారం లేదు. ఇప్పుడున్న మందుల్లో ఎక్కువభాగం మెదడులో సంకేతాలను మోసే డోపమైన్ అనే మరో రసాయనపు గ్రాహకాల మీద పనిచేస్తాయి. కానీ క్రియాపరమైన అనుసంధానం మారుతుంది. తొలిసారి జబ్బు పడినవారికి రిస్పెరిడోన్ గానీ అరిపిప్రజోల్ గానీ ఇచ్చి, మందుకు ముందూ 12 వారాల తర్వాతా స్కాన్ తీసిన ఒక అధ్యయనం 2015లో అమెరికా నుంచి వెలువడింది. లక్షణాలు తగ్గినవారిలో స్ట్రయేటమ్ అనే లోపలి భాగానికీ ముందరి భాగాలకూ మధ్య అనుసంధానం పెరిగింది. మీ తమ్ముడు వేసుకుంటున్నది కూడా ఆ మందుల్లో ఒకటే. అంతకన్నా మీకు పనికొచ్చే లెక్క 2012లో స్టెఫాన్ లాయిష్ట్ బృందం ఎన్నో పరీక్షలను కలిపి తేల్చింది: కుదుటపడ్డాక మందు కొనసాగించినవారిలో ఏడాదిలోపు జబ్బు తిరగబెట్టింది 100కి 27 మందికి, మందు ఆపి ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 64 మందికి. హైదరాబాదులో నేను తరచుగా చూసేది ఇదే. అబ్బాయి బాగున్నాడని, పెళ్ళి సంబంధం వచ్చిందని, లేదా మాత్రలతో మత్తుగా ఉంటున్నాడని ఎవరికీ చెప్పకుండా మందు ఆపేస్తారు. కొన్ని నెలలకు మళ్ళీ మొదటికి వస్తుంది. మత్తు ఉంటే వైద్యులకు చెప్పండి, మోతాదో మందో మార్చవచ్చు.

స్కాన్‌కు పెట్టబోయిన డబ్బును బరువు, నడుము కొలత, రక్తపోటు, రక్తంలో చక్కెర, కొవ్వు పరీక్షలకు వాడండి. ఈ మందులు బరువునూ చక్కెరనూ పెంచగలవు కనుక ఇవి మొదట్లో ఒకసారి, మూడు నెలలకు మరోసారి, ఆ తర్వాత కనీసం ఏడాదికోసారి చూసుకోవాలి. రెండు రకాల మందులు సరైన మోతాదులో, తగినన్ని వారాలు వాడినా గుణం కనిపించకపోతే క్లోజపిన్ అనే మందు గురించి మీరే అడగండి. రక్తకణాల పరీక్ష మొదటి 18 వారాలు వారం వారం చేయించాల్సి ఉంటుంది గానీ, మొండికేసిన జబ్బుకు దానికి సాటి వచ్చే మందు లేదు. గంజాయి అలవాటు ఉందేమో నిలదీయకుండా మెల్లగా కనుక్కోండి, అది జబ్బును తిరగబెట్టిస్తుంది. ఖర్చు భారమైతే ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెళ్ళడానికి సంకోచించకండి. మన ఊళ్ళో ఆ పేరును తిట్టుగా వాడతారని వెనకాడి నెలలకు నెలలు వైద్యం వాయిదా వేసిన కుటుంబాలను చూసి బాధపడ్డాను.

మీ సంగతి. జనాభాలో ఈ జబ్బు జీవితంలో ఎప్పుడైనా వచ్చే అవకాశం సుమారు 100కి ఒకరికైతే, రోగి తోబుట్టువుల్లో 100కి సుమారు 9 మందికి. అంటే 100కి 91 మంది తోబుట్టువులకు రాదు. రోగుల దగ్గరి బంధువుల్లో కూడా అనుసంధానపు తేడా కొంత ఉంటుందని 2009లో సుసాన్ విట్‌ఫీల్డ్ గాబ్రియేలీ బృందం చూపించింది, కానీ వారంతా ఆరోగ్యంగా ఉన్నవారే. కాబట్టి మీరు ఏ స్కాన్ తీయించుకున్నా అది మీ భవిష్యత్తును చెప్పదు. నిద్ర వారాల తరబడి పాడైతే, ఎవరో గమనిస్తున్నారన్న అనుమానం పెరుగుతుంటే, పేరు పెట్టి పిలిచినట్టు వినిపిస్తుంటే అప్పుడు ఆలస్యం చేయకుండా వైద్యులను కలవండి. రాత్రివేళ తమ్ముడి విషయంలో గానీ మీ విషయంలో గానీ ఏమీ తోచకపోతే మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, రుసుము ఉండదు. తమ్ముణ్ణి తదుపరి చూపించేటప్పుడు ఎంఆర్ఐ ఫిల్మ్‌తో పాటు ఇప్పటివరకు వాడిన మందుల పేర్లు, మోతాదులు, ఎన్ని వారాలు వాడారో రాసిన కాగితం తీసుకెళ్ళండి. వైద్యులకు ఏ ప్రత్యేక స్కాన్ కన్నా అదే ఎక్కువ ఉపయోగపడుతుంది.